జోరా రాయీ, మార్జీన్ కప్పలూ

కేనీ ఫోర్క్, కెంటకీ
జనవరి, 1977

తమ్ముడు హోబర్ట్‌కి,

నీ అక్క వెర్డీ చెప్తుంటే పక్కింటి లురీన్ రాస్తున్న ఉత్తరం ఇది. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు, నీ భార్య మార్జీన్‌కి ఇంకా బాగా తెలుసు. కాబట్టి దస్తూరీ చూసి మురిసిపోకు. మాటలు నావే.

క్రిస్మస్‌కి పంపిన ఫొటో అందింది. పెరట్లో మంచు మీద ఆ తెల్లటి డబ్బా, దాని పక్కన కొత్త టోపీతో నువ్వు. డబ్బా అనకూడదు, ట్రైలర్ అనాలని లురీన్ దిద్దింది. లోపల పొయ్యి, మంచాలు, నీళ్ళ తొట్టి, ఆఖరికి మరుగుదొడ్డి కూడా ఉన్నాయట. అమ్మ మనందరినీ కన్న ఇంట్లో ఇందులో సగం లేవు. సంతోషం. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఒళ్ళు వంచావు, ఇప్పుడు కాళ్ళు చాపుకుంటానంటే ఎవరొద్దన్నారు.

నా తగువు ఫొటోతో కాదు, దానితో వచ్చిన ఉత్తరంతో. మొదటి పేజీలో ఏం రాశావు? ఈ ట్రైలర్ మన కారు వెనకాల దూదిపింజలా వస్తుంది, తగిలించామన్న సంగతే మర్చిపోతామన్నావు. రెండో పేజీలో ఏం రాశావు? జోరా రాయి తీసుకెళ్ళడం కుదరదు, కారు ఆ బరువు లాగలేదన్నావు. లురీన్ చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఇల్లంత డబ్బా దూదిపింజ, మోకాలెత్తు రాయి మాత్రం కొండ. ఇదెక్కడి కారురా?

జోరా నీకూ అక్కే. అక్టోబరులో నేను ఆయాసంతో మంచాన ఉంటే నువ్వే ఫ్లోరిడా వెళ్ళి దాన్ని మట్టిలో పెట్టి వచ్చావు. తల దగ్గర ఏం పెట్టారురా అని అడిగితే, రేకు ముక్క అన్నావు, అద్దం కింద కాగితం, కాగితం మీద పేరు. అక్కడి ఎండకి ఆ కాగితం వచ్చే వేసవికి తెల్లబోతుంది. ఆపైన అది ఎవరో. ఏటా మే నెల ఆఖరి ఆదివారం సమాధుల పండుగకి మనవాళ్ళ సమాధులన్నీ కలుపు తీసి, పూలు పెట్టి, ఆ గడ్డి మీదే కూర్చుని అన్నాలు తింటాం. ఆ రోజు మన ఇంటి మనిషి పేరు లేకుండా పడుకుని ఉన్నది ఎప్పుడూ లేదు.

ఫ్లోరిడా నుంచి తిరిగొస్తూ నా వరండాలో కూర్చుని చిక్కుడు కూర మారు వడ్డించుకుంటూ నువ్వే అన్నావు. మన వాగు రాయినీ, నిన్నూ, కొనబోయే ట్రైలర్‌లో తీసుకెళ్ళి మే నెల పండుగ జోరా దగ్గరే చేద్దాం అక్కా అన్నావు. కూర అరిగిపోయింది. మాట అరగలేదు.

రాయి సిద్ధంగా ఉంది. లురీన్ సుద్దతో పేరు రాసింది, ఆ గీతల వెంబడి ఉలి పెట్టి నేనే చెక్కాను. నూట ఇరవై పౌన్లు. లురీన్ మొగుడు డెల్మర్ బొగ్గు యార్డు కాటా మీద తూచి చెప్పాడు.

జవాబు రాయి. ఒకే పేజీలో రాయి, రెండు పేజీలైతే నీ మాట మారిపోతోంది.

నీ అక్క వెర్డీ
(సంతకం బదులు ఇంటూ గుర్తు ఆవిడే పెట్టింది. లురీన్.)


డేటన్, ఒహాయో
ఫిబ్రవరి

ప్రియమైన అక్కకి,

కోపం తెచ్చుకోకు. లురీన్ నెమ్మదిగా చదివితే నీకే అర్థమవుతుంది. ఇందులో మాట తప్పడం లేదు, లెక్క ఉంది.

మా కారు పుస్తకంలో స్పష్టంగా ఉంది. కారు, ట్రైలర్, మనుషులు, సామాను అన్నీ కలిపి తొమ్మిది వేల పౌన్లు దాటకూడదు. దాటితే ఇంజను వేడెక్కుతుంది, గేర్లు కాలిపోతాయి, దిగుడులో బ్రేకులు పట్టవు. కారు నాలుగు వేల ఆరు వందలు. ట్రైలర్ మూడు వేల ఆరు వందలని అమ్మినతను రంగుల కాగితంలో చూపించాడు. మేమిద్దరం మూడు వందల యాభై. ఇక మిగిలింది నాలుగు వందల యాభై. బట్టలు, గిన్నెలు, దుప్పట్లు అందులోనే సర్దుకోవాలి. రాయికి చోటెక్కడ?

ఇంకోటి కూడా ఉంది. ట్రైలర్ ముక్కు కారు తోక మీద కొంత బరువు మోపాలి. మొత్తం బరువులో పదో వంతు, కాస్త పైన. ఎక్కువైతే కారు వెనక్కి కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి. తక్కువైతే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. అందుకని రాళ్ళూ రప్పలూ ఎక్కడ పడితే అక్కడ పడేసే పని కాదిది. కార్లు చేసినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా?

ఫ్లోరిడాలోనే కేటలాగులో చూసి ఒక మంచి పలక కొనిస్తాను. అక్కడే చేస్తారు, అక్కడే పాతుతారు. ఎవరికీ మోత ఉండదు.

మార్జీన్ నీకొక బహుమతి పంపుతోంది. తనే పోత పోసి, కాల్చి, రంగులేసిన పింగాణీ కప్ప. ఇక్కడ అందరూ మెచ్చుకుంటున్నారు.

నీ తమ్ముడు
హోబర్ట్


కేనీ ఫోర్క్
ఫిబ్రవరి ఆఖరు

హోబర్ట్‌కి,

లురీన్ నెమ్మదిగానే చదివింది. నేను ఇంకా నెమ్మదిగా విన్నాను.

నువ్వు కార్లు చేశావన్నావు. ముప్ఫై ఏళ్ళు ఎడమ తలుపు పిడులు బిగించావు. అది గౌరవమైన పనే, ఆ పిడి పట్టుకునే కదా అందరూ కారెక్కేది. ఇంజను సంగతి నాకు చెప్పకు.

మూడు వేల ఆరు వందలని ఎవరు తూచారు? నువ్వు చూశావా? అమ్మినవాడు కాగితం చూపించాడు, నువ్వు తలూపావు. బొగ్గు గని కాలనీలో పుట్టినవాడివి, సిగ్గులేదురా? నాన్న నిండా పోసిన టబ్బు కంపెనీ కాటా ఎక్కితే ఎప్పుడైనా నిండుగా తూగిందా? పొద్దుగూకేదాకా బోర్లా పడుకుని తవ్విన బొగ్గులో అయిదో వంతు కాటా మీదే మాయమయ్యేది. అందుకే గదా మనవాళ్ళు కొట్లాడి, తలలు పగలగొట్టించుకుని, తమ తరఫున ఒక కాటా మనిషిని ఎన్నుకున్నారు. ఆ మనిషి నా మొగుడు ఎస్టిల్. కంపెనీ గుమాస్తా మోచేతి పక్కన బల్ల వేసుకుని, ముల్లు ఆగేదాకా రెప్ప వేయకుండా కూర్చునేవాడు. ఆయనుంటే నీ రంగుల కాగితాన్ని పొయ్యి రాజేసుకోవడానికి అడిగేవాడు.

అప్పుడు వాళ్ళు మన దగ్గర కొనేటప్పుడు తక్కువ తూచారు. ఇప్పుడు వీళ్ళు మనకి అమ్మేటప్పుడు తక్కువ తూచారు. ఎటు తిరిగినా మోసం మన వైపే.

అది ఫ్యాక్టరీ గేటు దాటేనాటి బరువని డెల్మర్ అంటున్నాడు. తొట్టిలో నీళ్ళు లేవు, గ్యాసు బండ లేదు, కిటికీ పైన కట్టించానన్న ఎండ తెర లేదు, చల్లగాలి మిషను లేదు. మార్జీన్‌ని కూడా పెళ్ళినాటి బరువే లెక్కేసుకున్నావా?

(ఈ మాట రాయనని ఆవిడతో అన్నాను. రాయకపోతే వేరేవాళ్ళని పిలుస్తానంది. క్షమించండి. లురీన్.)

ఇంకో సంగతి. మేమిద్దరం మూడు వందల యాభై అన్నావు. ఇద్దరేమిటిరా? నేను లేనా? మాటిచ్చినప్పుడు ముగ్గురం, లెక్క వేసేటప్పుడు ఇద్దరమా? డెల్మర్ నన్ను కూడా కాటా ఎక్కించాడు. బూట్లతో సహా నూట పద్నాలుగు. రాసుకో.

కప్ప అందింది. ఆకుపచ్చగా ఉంది, నవ్వుతోంది, ఎందుకో తెలియదు. గాలికి కొట్టుకునే వంటింటి తలుపుకి అడ్డం పెట్టాను, కదలడం లేదు. చేత్తో ఎత్తితే మణికట్టు నొప్పెట్టింది. అందుకని ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. ఇలాంటివి ఎన్ని తీసుకెళ్తున్నారు?

వెర్డీ


డేటన్
మార్చి

అక్కా,

నీ మాటలు రోజురోజుకీ పదునెక్కుతున్నాయి. మార్జీన్‌కి సగమే చదివి వినిపించాను.

మొన్న ఎండ కాస్తే ట్రైలర్‌ని ఊరి బయటి గుట్ట దాకా లాగి చూశాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఎక్కేటప్పుడు ఇంజను కొంచెం వేడెక్కింది, పక్కన ఆపి కాఫీ తాగాం, చల్లారింది. దిగేటప్పుడు లారీ ఒకటి దాటి పోతే వెనకాల కాస్త ఊగినట్టనిపించింది. మొదట్లో అందరికీ అలాగే ఉంటుందని అమ్మినతను ఫోన్‌లో చెప్పాడు. కారు వెనకభాగం కాస్త కుంగిందని గట్టి స్ప్రింగులు వేయించాను. ఇప్పుడు చూడటానికి సమంగా ఉంది.

నీ గురించి మర్చిపోలేదు. కానీ అంత దూరం, నీ ఆయాసం, ఆ వేడి, ఇవన్నీ ఆలోచిస్తున్నాను. రాయి సంగతి నాకు వదిలెయ్యి.

మార్జీన్ తన సామాను కొద్దిగా పెట్టుకుంటుంది. మనిషన్నాక కాలక్షేపం ఉండాలి కదా. కింద తనే నాలుగు మాటలు రాస్తానంటోంది.

హోబర్ట్

వదినగారికి నమస్కారాలు. కప్ప మీకు నచ్చిందని ఈయన చెప్పారు, చాలా సంతోషం. ఫ్లోరిడా సంతల్లో ఇవి బాగా పోతాయట. అందుకే నా పోత అచ్చులన్నీ తెచ్చుకుంటున్నాను, పోత మట్టి డబ్బాలతో సహా. కప్పలు, గుడ్లగూబలు, చిన్న క్రిస్మస్ చెట్లు, అన్ని సైజుల్లో. బొమ్మలు కాల్చే, పెట్టెలాంటి కరెంటు కొలిమికి చోటు చాలకపోతే ఈయనే పాపం, ట్రైలర్ వెనక చివరన ఉన్న చిన్న మంచం ఊడబీకి అక్కడ బిగించారు. ఎంత చక్కగా పట్టిందో. మీరు ఒకసారి వచ్చి చూడాలి.
మీ మార్జీన్


కేనీ ఫోర్క్
ఏప్రిల్

తమ్ముడూ,

మార్జీన్ రాత నాకు చాలా నచ్చింది. మన వంశంలో ఎవరూ ఇంత సూటిగా రాయలేదు. ఇక నుంచి ఉత్తరాలు ఆవిడ చేతే రాయించు.

ఆ వెనక మంచం ఎవరిదో నేను చెప్పనా? కూర వడ్డించుకుంటూ నువ్వే చెప్పావు. అక్కా, వెనకాల చిన్న మంచం ఉంది, పక్కనే కిటికీ, పడుకుని దారంతా చూస్తూ రావచ్చు అన్నావు. ఈ చలికాలమంతా నేను ఆ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. జార్జియా చేరాక మట్టి ఎర్రగా ఉంటుందన్నావు, అది కూడా చూశాను. ఇప్పుడు ఆ మంచం మీద కొలిమి పడుకుంది. దానికి కిటికీ ఎందుకు?

నా ఆయాసం మీద నీకు బెంగ ఎప్పుడు మొదలైంది? మంచం ఊడబీకకముందా, తర్వాతా?

ఇక ఊపు సంగతి. నువ్వే రాశావు, ముక్కు మీద బరువు చాలకపోతే ట్రైలర్ ఊగుతుందని. కొలిమిని తీసుకెళ్ళి తోక చివర పెట్టావు, ముక్కు పైకి లేచింది, లారీ గాలికి ఊగింది. పైగా, కారు కుంగిందని కూడా రాశావు. నీళ్ళ తొట్టి ముందుంది, అచ్చులు మధ్యలో ఉన్నాయి, కొలిమి వెనకుంది. అన్ని చోట్లా ఎక్కువేరా. స్ప్రింగులు వేయిస్తే సమంగా కనిపించింది గానీ, బరువు ఎక్కడికి పోయింది? కుంటివాడికి కొత్త బూట్లు కొంటే నడక బాగైనట్టేనా? ఫ్లోరిడా దారిలో జెలికో కొండ దిగుడు గుర్తుందా? బ్రేకులు వాసన కొట్టడం మొదలెడితే అక్కడ కాఫీ తాగడానికి పక్కన చోటుండదు. ఆ దిగుడులో నువ్వు పోతే నిన్నూ మార్జీన్‌నీ కప్పల్లోంచి ఏరుకోవాలి. ఆపైన ఇంకో ఇద్దరికి నేను రాళ్ళు చెక్కాలి. నా ఉలి ఒక్కటే.

కాబట్టి నా మాట విను. ఫ్లోరిడా దారి ఎలాగూ మా పక్క నుంచే. ఎలా ప్రయాణం చేస్తారో అలాగే, నీళ్ళు పట్టి, గ్యాసు నింపి, మార్జీన్ సామాను మొత్తం పెట్టుకుని, ఇద్దరూ కారులో కూర్చుని ఇక్కడికి రండి. బొగ్గు లారీలు తూచే కాటా ఉంది, కారూ ట్రైలరూ రెండూ ఒకేసారి ఎక్కుతాయి. డెల్మర్ ముల్లు చూస్తాడు, నేను డెల్మర్ పక్కన బల్ల వేసుకుని కూర్చుంటాను. నీ తొమ్మిది వేల లోపల నూట ఇరవై పౌన్ల చోటు మిగిలితే రాయి ఎక్కుతుంది. మిగలకపోతే ఇంక నోరు మూసుకుంటాను. నేను నోరు మూసుకోవడం నువ్వెప్పుడూ చూడలేదు, అందుకోసమైనా రా.

వెర్డీ

(వెనక మంచం సంగతి చదివాక ఆవిడ లేచి వెళ్ళి కిటికీ మూసి వచ్చింది. తర్వాత ఈ ఉత్తరం ఒక్క ఊపులో చెప్పింది. ఇది నేను రాసినట్టు ఆవిడకి తెలియదు. లురీన్.)


డేటన్
మే

అక్కా,

పండుగకి వారం ముందు బయల్దేరి వస్తున్నాం. మార్జీన్‌కి ఇష్టం లేదు. కాటాకి నీ మాటా పట్టదు, నా మాటా పట్టదు. చూద్దాం.

హోబర్ట్


కేనీ ఫోర్క్
మే, మీరు వెళ్ళిన మర్నాడు

ఫ్లోరిడా, పామెట్టో లేక్‌లో జోరా ఉన్న ట్రైలర్ పార్కు చిరునామాకి

హోబర్ట్‌కి,

నిన్న జరిగింది నువ్వు కళ్ళారా చూశావు, మళ్ళీ రాయడమెందుకంటావా? అక్కడ జోరా ఇరుగుపొరుగు నిన్ను కూర్చోబెట్టి అడుగుతారు, మీ అక్క ఎందుకు రాలేదని. నీకు నచ్చినట్టు ఏదో చెప్తావు. అందుకని నా వైపు సంగతి కాగితం మీద ఉండాలి. వాళ్ళకి చదివి వినిపించు.

కాటా ఎక్కేముందు నువ్వు డెల్మర్‌తో ఏమన్నావు? ఎనిమిది వేల తొమ్మిది వందలు చూపిస్తుంది చూడు అన్నావు. ముల్లు తొమ్మిది దాటింది, పది దాటింది, పదివేల నూరు దగ్గర ఆగింది. నీ కళ్ళు రెండూ దాని మీదే ఉన్నాయి. కాటా పాడైందేమో అన్నావు. అప్పుడే దిగిన బొగ్గు లారీ డ్రైవరు విని నవ్వాడు. ఆయన కూడా రోజూ ఆ మాటే అంటాడట.

నిన్ను అక్కడితో వదిలేసేదాన్ని. నువ్వు తల దించుకుని టోపీ తీసి చేత్తో నలుపుతున్నావు, నాన్న కూడా కంపెనీ కాటా దగ్గర అలాగే నిలబడేవాడు. కానీ పదకొండు వందల పౌన్లు ఎక్కువతో నిన్ను జెలికో కొండ మీదికి పంపిస్తే నేను అక్కనెలా అవుతాను?

అందుకే దించమన్నాను. ముందు తొట్టిలో నీళ్ళు వదిలేశాం, దారిలో ఎక్కడైనా పట్టుకోవచ్చు. తర్వాత పోత మట్టి డబ్బాలు. అచ్చులు ఒక్కొక్కటే నా వరండాలోకి మోశారు. సుద్ద అచ్చు కదా, ఏముంటుందనుకున్నాను. గుడ్లగూబ అచ్చు ఒక్కటి ఎత్తేసరికే డెల్మర్ నడుము పట్టేసింది. ఆఖరికి కొలిమి. నలుగురు పట్టారు. కొలిమి దిగగానే ట్రైలర్ తోక లేచి ముక్కు కిందికి వచ్చింది. కారు వెనకభాగం కూడా కుంగలేదు. అది కూడా నువ్వు చూశావు.

మార్జీన్ ఏడ్చింది. ఆ ఏడుపు నేను వెక్కిరించను. ఎవరి చేత్తో చేసుకున్నది వాళ్ళకి ముద్దు. కానీ ఆవిడ కోపంగా, పోనీ నన్ను కూడా దించేయమంటారా అని అరిచినప్పుడు, డెల్మర్ అమాయకుడు కదా, "దిగండమ్మా, ముల్లు ఎంత తగ్గుతుందో చూద్దాం" అన్నాడు. ఆవిడ మొహం చూసి నేను బొగ్గు గుట్ట వైపు తిరిగి నవ్వుకున్నాను. ఇది మాత్రం వాళ్ళకి చదవకు.

అన్నీ దించాక ముల్లు ఎనిమిది వేల ఎనిమిది వందల డెబ్బై. తొమ్మిది వేలకి నూట ముప్ఫై పౌన్ల చోటు. రాయి నూట ఇరవై, నేను నూట పద్నాలుగు. ఎవరో ఒకరమే.

అప్పుడు మార్జీన్ ఒక మాట అంది. మంచి మాటే, దాచను. వదినగారూ, రాయి వచ్చే ఏడు తీసుకెళ్దాం, మీరు రండి, నా పక్కన కూర్చోండి అంది. పెట్టె నా చేతిలోనే ఉంది. టోపీ కూడా పెట్టుకున్నాను. నువ్వు మాత్రం నా వైపు చూశావు, దుప్పటి చుట్టిన రాయి వైపు చూశావు, అంతే.

నేనే చెప్పాను రాయి ఎక్కించమని. మీరు వెళ్ళాక లురీన్ అడిగింది, ఎందుకు చేశావు వెర్డీ, ఒక్కసారైనా చూసి రావాలని ఎంత ఆశపడ్డావని. నేను వెళ్తే ఏం చేస్తాను? ఒక పూట ఏడ్చి వస్తాను. రాయి అక్కడే ఉండిపోతుంది, ఏడవదు, నోరెత్తదు, మార్జీన్‌కి కూడా ప్రయాణం హాయిగా సాగుతుంది. ఆ రేకు ముక్క మీద కాగితం ఈపాటికి తెల్లబోయి ఉంటుంది. ఆదివారానికి జోరాకి పేరు కావాలి. నేను అక్కడ నిలబడితే దానికి పేరు రాదు.

రాయిని చక్రాల ఇరుసుకి కాస్త ముందుగా, నేల మీద, ఆ దుప్పటితోనే పెట్టించాను. వెనక్కి జరపకు. జెలికో దిగేటప్పుడు చిన్న గేరులో మెల్లగా దిగు, బ్రేకు మీద కాలేసి కూర్చోకు. చేరగానే ఉత్తరం రాయి.

వెర్డీ


పామెట్టో లేక్, ఫ్లోరిడా
జూన్

అక్కా,

చేరాం. జెలికో కొండ నువ్వు చెప్పినట్టే చిన్న గేరులో దిగాను. రెండు లారీలు దాటి పోయాయి. ట్రైలర్ కదల్లేదు. మార్జీన్ కళ్ళు మూసుకుని కూర్చుంది, కిందికి వచ్చాక కళ్ళు తెరిచి, ఆ కొలిమి ఉంటే ఏమయ్యేదండీ అంది. జార్జియా చేరాక మట్టి ఎర్రగానే ఉంది.

రేకు మీది కాగితం నిజంగానే తెల్లబోయింది. జోరా ఎక్కడుందో కాపలాదారుని అడిగి కనుక్కున్నాం. శనివారం సాయంత్రం రాయి పాతాను. ఆదివారం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆరుగురు వచ్చారు. గడ్డి మీద దుప్పట్లు పరిచి తిన్నాం. సమాధి పక్కన కూర్చుని తినడమేమిటని మొదట వింతగా చూశారు, తర్వాత ఒకావిడ తనవాళ్ళ సమాధి దగ్గరికి కూడా ఒక పళ్ళెం పట్టుకెళ్ళింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. వద్దన్నది కూడా చదివాను, మార్జీనే చదవమంది. అందరికంటే ముందు తనే నవ్వింది. తర్వాత కారు డిక్కీలోంచి కప్ప ఒకటి తీసి రాయి పక్కన పెట్టింది. దించకుండా ఒకటి దాచుకుందట. నాకూ తెలియదు.

అక్కా, ఇప్పుడు అసలు సంగతి. రాయిని దుప్పటి విప్పి నిలబెట్టినప్పుడు పైభాగంలో డాగ్‌వుడ్ పువ్వు కనిపించింది, నాలుగు రేకులు, ఒక రేకు అంచు కాస్త విరిగి. నేను పదహారేళ్ళవాణ్ణి, ఎస్టిల్ బావ వాగు దగ్గర కూర్చుని రెండు రాళ్ళ మీద ఆ పువ్వులు చెక్కుతుంటే పక్కన నిలబడి నీళ్ళు పోశాను. ఒక రేకు విరిగితే, ఇది మీ అక్కకి, ఏమైనా అంటే నువ్వే విరగ్గొట్టావని చెప్తానురోయ్ అన్నాడు. ఒకటి ఆయన తల దగ్గరుంది. ఇది రెండోది.

నీ రాయి ఇచ్చేశావు. జనవరి నుంచి ఇన్ని మాటలు రాయించావు, ఆ ఒక్క మాట రాయించలేదు. ముందే తెలిస్తే నేను... ఏం చేసేవాణ్ణో తెలియదు. కొలిమి ఎక్కించేవాణ్ణి కాదు.

మరి నీకు? కేటలాగులో చూసి ఒకటి చేయించనా?

హోబర్ట్


కేనీ ఫోర్క్
జూన్ ఆఖరు

తమ్ముడు హోబర్ట్‌కి, నా మరదలు మార్జీన్‌కి,

ఉత్తరం అందింది. లురీన్ మధ్యలో ఆగిపోతే, ముక్కు చీదుకుని చదవమన్నాను.

కేటలాగు పొయ్యిలో పెట్టు. నాకిప్పుడు రాయి లేదు కాబట్టి చచ్చే వీలు కూడా లేదు, ఆ సౌకర్యం నువ్వు పాడు చేయకు. నీ ట్రైలర్ బరువు నేను తీశాను, నా బరువు నాకు తెలుసు. రేకు విరగ్గొట్టింది నువ్వేనని ఎస్టిల్ నాకు అప్పుడే చెప్పాడు. ఇన్నేళ్ళూ నిన్నే తిట్టుకున్నాను. ఇప్పుడు నిజం తెలిసింది. ఇన్ని తిట్లు వెనక్కి తీసుకోవడం కష్టం, వేరే తప్పుల కింద జమ వేసుకో.

మార్జీన్, ఆ కప్పని తీసేయమని చెప్పబోయాను. వద్దు, ఉండనీ. జోరాకి నవ్వే వస్తువులంటే ఇష్టం, అది నవ్వినంతగా మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నా వంటింటి తలుపు దగ్గరున్నది కూడా ఇంకా నవ్వుతూనే ఉంది. ఎందుకో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

నీ అచ్చులు క్షేమం. గోనెసంచులు కప్పించాను. కొలిమి వరండాలోనే ఉంది. ఎర్ర కోడి అందులో దూరి పొదిగింది, పిల్లలు అయిదు. తలుపు మూయకుండా కాపలా కాస్తున్నాను. నువ్వు వచ్చేదాకా అది కోడిదే, తర్వాత మీరిద్దరూ తేల్చుకోండి.

హోబర్ట్, ఇప్పుడు లెక్క విను, నీకు లెక్కలంటే ఇష్టం కదా. వెళ్ళేటప్పుడు రాయి ఎక్కింది. అక్కడ దిగిపోయింది. అంటే మీ బండిలో ఆ నూట ఇరవై పౌన్ల చోటు ఇప్పుడు ఖాళీ. వచ్చే మే నెలదాకా ఆ చోటు అలాగే ఉండాలి. దుప్పటి కొన్నామని, కుర్చీ కొన్నామని, గుడ్లగూబ చిన్నదేనని అందులోకి ఏదీ దూరకూడదు. నేను నూట పద్నాలుగు, ఈ వయసులో తగ్గితే తగ్గుతాను గానీ పెరగను. మిగిలిన ఆరు పౌన్లలో జోరాకి ఇష్టమైన ఎండు చిక్కుళ్ళు పట్టుకొస్తాను.

ఆ వెనక మంచం ఎక్కడ పారేశావో వెతికి మళ్ళీ బిగించు. కిటికీ అద్దం తుడిచి ఉంచు.

వచ్చే ఏడు మళ్ళీ బొగ్గు యార్డు కాటా దగ్గరికే రండి. ముందు నేను ఎక్కుతాను. ముల్లు ఆగాక చోటు మిగిలితే కప్పలు.

మీ వెర్డీ
(ఇంటూ గుర్తు ఆవిడదే. ఈసారి రెండు పెట్టింది. రెండోది జోరాదట.)